పాతకాలపు కారు ముందు అద్దం రబ్బరు

పాతకాలపు కార్లలో ముందు అద్దం చుట్టూ కనిపించే నల్లటి పట్టీయే ఆ అద్దాన్ని బాడీకి పట్టి ఉంచుతుంది. జిగురుండదు, స్క్రూలుండవు. పట్టీకి ఒక పక్క గాడిలో అద్దం అంచు, ఇంకో పక్క గాడిలో రేకు అంచు ఇమిడి కూర్చుంటాయి. గ్యారేజీల్లో దీన్ని అద్దం రబ్బరు, గ్లాస్ రబ్బర్, బీడింగ్ అని ఎవరికి తోచినట్టు వాళ్ళు పిలుస్తారు. అంబాసిడర్, ప్రీమియర్ పద్మిని, మోరిస్ మైనర్, మినీ, ఫోక్స్‌వ్యాగన్ బీటిల్, ఇలా ఇరవయ్యో శతాబ్దం మధ్యకాలపు కార్లలో చాలావాటిది ఇదే పద్ధతి. కారు విలువతో పోలిస్తే ఈ రబ్బరు ఖరీదు లెక్కలోకి రాదు. కానీ బాడీ ఎన్నాళ్ళు నిలుస్తుందన్నది చాలావరకు దీని మీదే ఆధారపడుతుంది. ఇది ఎక్కడ పట్టు వదిలితే అక్కడ నీరు నిలుస్తుంది, నీరు నిలిచిన చోట రేకు తుప్పు పడుతుంది. కాబట్టి రబ్బరు మార్చే పనిలో కొత్త పట్టీ బిగించడం సగమే. పాత పట్టీ ఇన్నేళ్ళుగా కప్పి ఉంచిన రేకును చూసి బాగుచేయడం మిగతా సగం, అసలైన సగం కూడా అదే.

చరిత్ర

రబ్బరును గంధకంతో కలిపి వేడి చేస్తే అది ఎండకు జిగురుగా కరగకుండా, చలికి పెళుసెక్కకుండా సాగే గుణం నిలబెట్టుకుంటుందని అమెరికాలో చార్లెస్ గుడ్‌ఇయర్ 1839లో కనుగొన్నాడు. 1844లో పేటెంటు పొందాడు. ఇంగ్లండులో థామస్ హాన్‌కాక్ అదే కాలంలో ఇలాంటి పద్ధతికే పేటెంటు తీసుకున్నాడు. వల్కనైజేషన్ అనే ఈ ప్రక్రియే లేకపోతే వాహనాల్లో రబ్బరు వాడకమే ఉండేది కాదు. గాజు వైపు చూస్తే, ఫ్రెంచి రసాయనవేత్త ఎడ్వార్ బెనెడిక్టస్ ప్రయోగశాలలో ఒక గాజు కుప్పె కిందపడి పగిలినా ముక్కలు చెదరకపోవడం 1903లో గమనించాడు. లోపల ఎండిపోయిన సెల్యులోజ్ నైట్రేట్ పొర ఆ ముక్కలను పట్టి ఉంచింది. రెండు గాజు పలకల మధ్య పొర పెట్టే లామినేటెడ్ గాజుకు 1909లో ఆయన పేటెంటు తీసుకున్నాడు. ఇప్పటి అద్దాల్లో ఆ పొర స్థానంలో పాలీవినైల్ బ్యూటిరాల్ అనే ప్లాస్టిక్ ఉంటుంది.

తొలి మోటారు కార్లలో ముందు అద్దం చదునైన పలక. ఇత్తడి చట్రంలోనో చెక్క చట్రంలోనో బిగించేవారు, కిటికీ రెక్కలా మడిచేవారు. బాడీ మొత్తం ఉక్కు రేకుతో రావడం మొదలయ్యాక, రేకు అంచుకే అద్దాన్ని నేరుగా పట్టించే రబ్బరు పట్టీ వాడకంలోకి వచ్చింది. గాజును వంచడం అప్పట్లో ఖరీదైన పని కనుక కొన్ని కార్లకు రెండు చదును పలకలు, మధ్యలో ఒక నిలువు పట్టీ ఉండేవి. 1948లో వచ్చిన మోరిస్ మైనర్ అలాంటిదే. 1956లో మైనర్ 1000 రాకతో ఆ మధ్య పట్టీ పోయి ఒకే వంపు అద్దం వచ్చింది. బీటిల్ చాలాకాలం చదునుగా కనిపించే అద్దంతోనే నడిచింది. బాగా వంపు తిరిగిన ముందు అద్దం 1303 మోడలుతో, 1970ల మొదట్లో వచ్చింది.

మన దేశంలో ఈ పద్ధతి జనానికి బాగా తెలిసింది రెండు కార్ల వల్ల. బ్రిటన్ మోరిస్ ఆక్స్‌ఫర్డ్ మూడో సిరీస్ ఆధారంగా హిందుస్థాన్ మోటార్స్ పశ్చిమ బెంగాల్‌లోని ఉత్తరపాడాలో తయారుచేసిన అంబాసిడర్ 1950ల చివరి నుంచి 2014 దాకా వచ్చింది. ఫియట్ 1100 ఆధారంగా ప్రీమియర్ ఆటోమొబైల్స్ ముంబయి కుర్లాలో తయారుచేసిన కారు 1970లలో పద్మిని అనే పేరు తెచ్చుకుని ఆ శతాబ్దం చివరి దాకా సాగింది. కలెక్టరు కార్యాలయం ముందు నిలిచిన తెల్ల అంబాసిడర్ నుంచి ముంబయి నలుపు పసుపు టాక్సీ దాకా అన్నిటికీ ఆ నల్ల పట్టీయే. జీపులు, లారీలు, పాత బస్సులది కూడా ఇదే కుటుంబం.

కారు నుంచి కట్టడాల్లోకి కూడా ఈ ఆలోచన వెళ్ళింది. అమెరికాలో మిషిగన్ రాష్ట్రం వారెన్‌లో ఈరో సారినెన్ రూపొందించిన జనరల్ మోటార్స్ టెక్నికల్ సెంటరులో, కారు అద్దానికి వాడే తరహా నియోప్రీన్ పట్టీలతోనే పెద్దపెద్ద కిటికీ పలకలు బిగించారు. 1956లో ప్రారంభమైన ఆ భవనాల తర్వాత ఈ పద్ధతి గాజు గోడల భవనాలకు పాకింది. మెకానిక్ పని అని చిన్నచూపు చూసే వస్తువు నుంచి వాస్తుశిల్పులు పాఠం నేర్చుకున్న సందర్భాలు అరుదు. అందుకే ఇది చెప్పుకోదగ్గది.

1960ల చివరి నుంచి అద్దాన్ని యూరిథేన్ జిగురుతో బాడీకి అతికించే పద్ధతి క్రమంగా రబ్బరు స్థానాన్ని తీసుకుంది. అతికించిన అద్దం బాడీ బలంలో భాగమవుతుంది, ప్రమాదంలో అంత తేలిగ్గా ఊడి పడదు. రబ్బరులో కూర్చున్న అద్దానికి ఆ బలం లేదు, గట్టి దెబ్బకు మొత్తంగా బయటికి దూకగలదు. పాత కారు నడిపేవాళ్ళు ఈ తేడా ఎరిగి ఉండాలి.

నిర్మాణం

పట్టీని అడ్డంగా కోసి చూస్తే ఇంగ్లీషు హెచ్ అక్షరాన్ని పక్కకు పడుకోబెట్టినట్టు ఉంటుంది. ఒక గాడి లోతుగా, అద్దం మందానికి సరిపోయేలా ఉంటుంది. రెండో గాడి సన్నం. రెండు రేకులను కలిపి స్పాట్ వెల్డింగ్ చేసిన అంచు అందులో దూరుతుంది. గాడులకు అటూ ఇటూ ఉన్న పల్చటి అంచులే పెదవులు. బయటి పెదవి వాన నీటిని ఆపుతుంది. లోపలి పెదవి రేకు వెనకకు మడత పడి అద్దాన్ని ఊడిపోకుండా పట్టుకుంటుంది.

కొన్ని కార్లలో ఈ పట్టీ మధ్యలో ఇంకో చిన్న గాడి ఉంటుంది. అద్దం కూర్చున్నాక ఆ గాడిలోకి సన్నటి బద్దీని దూర్చితే పట్టీ పక్కలకు ఉబ్బి అటు గాజును, ఇటు రేకును బిగిస్తుంది. మినీలో ఉన్నది ఈ రకమే. బద్దీ లేకుండా ఆ అద్దం వదులుగానే ఉంటుంది, నీరు కారుతుంది. బీటిల్ డీలక్స్ మోడళ్ళలో అల్యూమినియం మెరుపు పట్టీ ఉంటుంది. దాన్ని అద్దం కారుకు ఎక్కించకముందే రబ్బరులో అమర్చాలి. తర్వాత పెడదామనుకుంటే పట్టీ వంకరపోతుంది, లేదా అద్దం మళ్ళీ దింపాల్సి వస్తుంది. పని మొదలుపెట్టకముందే మన కారుది ఏ రకమో తెలుసుకోవాలనేది ఇందుకే.

గాజుకూ ఉక్కుకూ మధ్య మెత్తటిది ఎందుకు అన్న ప్రశ్నకు ఎండవేడి కారణమని చాలామంది చెబుతారు. లెక్క వేస్తే అది చిన్న కారణమే. 1.2 మీటర్ల వెడల్పు అద్దం 40 డిగ్రీల తేడాకు సుమారు 0.43 మిల్లీమీటర్లు వ్యాకోచిస్తే, అంతే పొడవు ఉక్కు సుమారు 0.58 మిల్లీమీటర్లు వ్యాకోచిస్తుంది. తేడా మిల్లీమీటరులో ఏడో వంతు. అంతకన్నా ఎన్నో రెట్లు ఎక్కువగా కదిలేది గతుకుల రోడ్డు మీద మెలితిరిగే బాడీ. ఒక చక్రం గుంతలో పడి, ఎదుటి మూల చక్రం గట్టు మీద ఉన్న క్షణంలో అద్దం చుట్టూ ఉన్న చట్రం కాస్త పక్కకు ఒరుగుతుంది. ఆ ఒరుగుడును గాజు దాకా రానివ్వకుండా మింగేది రబ్బరే. అది రాయిలా గట్టిపడిన కార్లలో ఏ దెబ్బా తగలకుండానే మూల నుంచి పగుళ్ళు రావడానికి ఇదొక ముఖ్య కారణం.

ఎందుకు చెడిపోతుంది

పాత పట్టీలు ఎక్కువగా సహజ రబ్బరుతోనో, దానికి దగ్గరి కృత్రిమ రబ్బరుతోనో చేసినవి. వీటి అణు గొలుసుల్లో జంట బంధాలుంటాయి. గాలిలో అతి కొద్దిగా ఉండే ఓజోన్ ఆ బంధాలను తెంచుతుంది. వదులుగా ఉన్న రబ్బరుకు దీనివల్ల పెద్దగా హాని కనిపించదు. సాగదీసి ఉన్న చోటే చీలికలు వస్తాయి, అవి కూడా సాగుడుకు అడ్డంగా. పట్టీ మూలల్లోనే మొదట పగలడానికి కారణం ఇదే. మూల దగ్గర రబ్బరును బొటనవేలితో కాస్త వంచి చూస్తే చాలు, పైకి నున్నగా కనిపించిన చోట సన్నటి గీతలు వరసగా నోరు తెరుస్తాయి. గోరు గుచ్చితే దిగకుండా జారిపోయిందంటే మెత్తదనం పోయినట్టే.

ఎండ ఇంకో శత్రువు. రోహిణి కార్తెలో రోళ్ళు పగులుతాయంటారు. ఆ ఎండలో రోజంతా నిలబడ్డ నల్లటి పట్టీకి ఏమవుతుందో వేరే చెప్పనక్కర్లేదు. రబ్బరులో కలిపే కార్బన్ నలుపు అతినీలలోహిత కిరణాలను చాలావరకు అడ్డుకుంటుంది. కానీ వేడికి మెత్తదనమిచ్చే నూనెలు ఏళ్ళ తరబడి బయటికి పోతూనే ఉంటాయి. పట్టీ గట్టిపడుతుంది, కుంచించుకుపోతుంది, నొక్కుడులో ఉన్న పెదవి ఆ నొక్కిన ఆకారంలోనే ఉండిపోతుంది. మృగశిర వచ్చి తొలి వానలు పడగానే డాష్‌బోర్డు కింద చుక్క కనిపించేది అందుకే.

ఇప్పుడు దొరికే మంచి పట్టీలు ఈపీడీఎం అనే కృత్రిమ రబ్బరువి. 1960లలో వాడకంలోకి వచ్చిన ఈ రబ్బరు ప్రధాన గొలుసులో జంట బంధాలు లేవు కనుక ఓజోన్, ఎండ దీన్ని అంతగా బాధించవు. దీని బలహీనత వేరు. పెట్రోలు, కిరోసిన్, గ్రీజు తగిలితే ఉబ్బిపోతుంది. నియోప్రీన్ నూనెలకు కొంత నయం. సహజ రబ్బరు సాగుడులో మేటి అయినా ఎండలో నిలిచే కారు అద్దానికి ఈ రోజు దాన్ని కోరుకోనక్కర్లేదు.

పెట్టెలో ముప్పై ఏళ్ళుగా విప్పకుండా ఉన్న కంపెనీ పట్టీ దొరికిందని సంబరపడేవాళ్ళున్నారు. వాడకపోయినా రబ్బరు ముదురుతుంది. మేకుకు వేలాడదీసి ఉంచినదైతే ఆ వంపు దగ్గర ఓజోన్ పని ఎప్పుడో అయిపోయి ఉంటుంది. కరెంటు మోటార్లు, వెల్డింగ్ యంత్రాలు ఓజోన్ పుట్టిస్తాయి కనుక వాటి పక్కన దాచినది ఇంకా అన్యాయం. విడి పట్టీ కొని ఉంచుకోవాలంటే మెలిక లేకుండా, వెలుతురు తగలని చల్లటి చోట పరిచి ఉంచాలి.

పాతది తీయడం

వైపర్ చేతులు, లోపలి రియర్ వ్యూ అద్దం, అవసరమైతే డాష్‌బోర్డు పై కవరు ముందు తీసేస్తారు. మెరుపు పట్టీ ఉంటే వంగకుండా జాగ్రత్తగా లాగుతారు, కొత్తది దొరకడం కష్టం. ఆ తర్వాత బయటి పెదవిని పదునైన బ్లేడుతో చుట్టూరా కోసేయడమే సురక్షితమైన మార్గం. పెదవి పోతే అద్దాన్ని లోపలినుంచి రెండు అరచేతులతో మెల్లగా నెడితే చాలు, బయట ఉన్న మనిషి చేతుల్లోకి వస్తుంది. సీట్లో వెనక్కి వాలి కాళ్ళతో తన్నే పద్ధతి కొన్ని షెడ్లలో ఇంకా ఉంది. అలా పోయిన అద్దాల్లో మళ్ళీ దొరకనివి ఎన్నో ఉంటాయి. పాత రబ్బరును కాపాడి మళ్ళీ వాడుదామన్న ఆశతో స్క్రూడ్రైవరుతో కెలకడం కూడా అలాంటిదే. గాజు అంచున పడ్డ చిన్న పెచ్చు రేపు పొడుగాటి పగులవుతుంది.

అద్దం పగిలి కొత్తది వేసేటప్పుడు పాత రబ్బరునే తిరిగి పెట్టడం మన దగ్గర బాగా అలవాటైన ఆదా. ఇది ఆదా కాదు. పాత అద్దం ఆకారానికి గట్టిపడ్డ పెదవి కొత్త అద్దానికి సరిగ్గా ఆనదు, ఒకే పనికి రెండుసార్లు కూలి పడుతుంది.

పాత కార్లలో కొన్నిటికి టఫెండ్ అద్దం ఉంటుంది. దెబ్బ తగిలితే మొత్తం చిన్న గుళికలుగా రాలిపోతుంది. దాని బదులు లామినేటెడ్ వేయడం భద్రత దృష్ట్యా మంచిదే. అయితే మందంలో తేడా ఉంటే గాడి సరిపోతుందో లేదో ముందే చూసుకోవాలి. బిగించేటప్పుడు వంపు ఒత్తిడికి లామినేటెడ్ తొందరగా పగులుతుందని కూడా గుర్తుంచుకోవాలి. లామినేటెడ్ అద్దం అంచుల్లో పాలరంగు మరక కనిపిస్తే, రబ్బరు లోపల నిలిచిన నీరు మధ్య పొరలోకి పాకిందని అర్థం.

రేకు అంచు

అద్దం దిగాక కనిపించేది చాలాసార్లు గుండె జారేలా ఉంటుంది. పై అంచు, నిలువు అంచులు తళతళలాడుతూ ఉండొచ్చు. కింది మూలల దగ్గర పాత రబ్బరు ముక్కను పీకితే దానితోపాటే పొరలు పొరలుగా గోధుమరంగు పెచ్చులు ఊడివస్తాయి. స్క్రూడ్రైవరు కొసతో తడితే కొన్నిచోట్ల ఠంగుమనకుండా మెత్తగా దిగబడుతుంది. వాన నీరు కిందికి జారి మూలలో చేరుతుంది. రబ్బరు గాడి దాన్ని తొట్టిలా పట్టి ఉంచుతుంది. ఎండకు పై తడి ఆరినా ఆ తొట్టి ఆరదు. బయటినుంచి చూస్తే పెయింటు మీద ఒక చిన్న బుడగ తప్ప ఏమీ కనిపించదు.

ఇక్కడ తొందరపడితే మిగతా పనంతా వృథా. తుప్పును తెల్ల రేకు కనిపించేదాకా గీకాలి. చిల్లులు పడ్డ చోట కుళ్ళిన భాగం కోసేసి కొత్త రేకు అతికి వెల్డింగ్ చేయించాలి. చిల్లును లప్పంతో నింపి పైన పెయింటు కొట్టి అప్పగించే టింకరింగు పని అద్దం అంచు దగ్గర అసలు పనికిరాదు. లప్పం తేమను పీలుస్తుంది, రబ్బరు పెదవి పట్టుకోవడానికి దానికి బలం ఉండదు. అంచు మందం పెరిగితే గాడిలో దూరదు, వంకరగా ఉంటే అద్దం మీద ఒకేచోట ఒత్తిడి పడుతుంది. చదును చేసిన అంచుకు ఎపాక్సీ ప్రైమరు, ఆపైన రంగు వేసి, పూర్తిగా ఆరేదాకా రోజుల తరబడి ఆగాలి. పచ్చి పెయింటు మీద రబ్బరు బిగిస్తే పెయింటు దానికి అంటుకుని లేచిపోతుంది. కారుకు మొత్తం పెయింటు వేయిస్తున్నప్పుడు అద్దం దింపకుండా, రబ్బరు మీద మాస్కింగ్ టేపు అంటించి కొట్టేస్తారు చాలామంది. రబ్బరు కిందికి రంగు చేరదు కనుక లోపలి తుప్పు కొత్త పెయింటు కింద హాయిగా పెరుగుతుంది.

తాడుతో ఎక్కించడం

కొత్త పట్టీని ముందుగా అద్దానికి తొడుగుతారు. మూలలు అచ్చుపోసిన పట్టీ అయితే మూలకు మూల కలపాలి. మీటర్ల లెక్కన కొన్న పట్టీ అయితే కొలతకన్నా ఒక సెంటీమీటరు ఎక్కువగానే కోసి, రెండు కొసలు ఒకదాన్నొకటి నెట్టుకునేలా కలపాలి. సరిగ్గా కొలతకు కోస్తే రబ్బరు కుంచించుకున్నాక అతుకు దగ్గర సందు తెరుచుకుంటుంది. పట్టీని కాసేపు ఎండలో పెడితే మెత్తబడి పని తేలికవుతుంది.

తర్వాత రేకు గాడిలో చుట్టూరా నాలుగైదు మిల్లీమీటర్ల మందం ఉన్న నున్నటి నైలాన్ తాడును దూర్చి, కింది మధ్యభాగంలో రెండు కొసలనూ జానెడు మేర ఒకదానిమీదొకటి పడేలా వదులుతారు. పురికొస వాడితే గరుకుదనానికి పెదవి చీలే ప్రమాదం ఉంది. గాడికీ రేకు అంచుకూ సబ్బు నీళ్ళు పట్టిస్తారు. గ్రీజు, ఇంజను ఆయిలు వద్దు. అవి రబ్బరును తింటాయి, పైగా ఎప్పటికీ ఆరవు.

ఇద్దరు మనుషులు లేకుండా ఈ పని చేయకూడదు. అద్దాన్ని చట్రంలో సరిగ్గా మధ్యకు వచ్చేలా బయటినుంచి ఒకరు ఆనించి పట్టుకుంటారు. లోపల కూర్చున్నవాళ్ళు తాడు కొసను అద్దానికి నిటారుగా, తమ గుండెల వైపు మెల్లగా లాగుతారు. తాడు గాడిలోంచి బయటికి వస్తూ తనతోపాటే పెదవిని పైకెత్తుతుంది. లేచిన పెదవి రేకు అంచు మీదుగా దొర్లి ఇవతలికి పడుతుంది. తాడు నడిచిన మేర రబ్బరు అంగుళం అంగుళం మడత విప్పుకుంటూ, సబ్బు నురగ చిమ్ముతూ, చిన్న చప్పుడుతో కూర్చోవడం కంటికి కనిపిస్తుంది. బయటివాళ్ళు సరిగ్గా తాడు నడుస్తున్న చోటే అరచేతితో తడుతూ నొక్కుతుండాలి, పిడికిలితో గుద్దకూడదు. కింది అంచు మధ్య నుంచి మొదలుపెట్టి, అటో కొంత ఇటో కొంత లాగుతూ మూలలు దాటి, పక్కల మీదుగా పైకి వెళ్ళి, పై అంచు మధ్యలో ముగిస్తారు. ఒకవైపే మొత్తం లాగేస్తే అద్దం ఒరిగిపోయి రెండోవైపు అందదు. మూల దగ్గర తాడు బిగుసుకుంటే బలం పెంచకూడదు. వెనక్కి వచ్చి, సబ్బు నీళ్ళు పోసి, అద్దాన్ని బయటినుంచి ఒక పిసరు కిందికి నొక్కి మళ్ళీ లాగాలి. పగిలే అద్దాలు ఎక్కువగా ఆఖరి మూల దగ్గరే పగులుతాయి. అప్పటికి చేతులు అలసిపోయి ఉంటాయి, పని అయిపోవచ్చిందన్న తొందరా ఉంటుంది.

ఈ పని చేతికి వచ్చిన మనిషి కొత్త కార్ల షోరూముల్లో దొరకడం కష్టం. లారీలకు, బస్సులకు అద్దాలు బిగించేవాళ్ళను అడగడం మేలు. విజయవాడ ఆటోనగర్ లాంటి చోట్ల రబ్బరు, తాడు, సబ్బు నీళ్ళు వాళ్ళకు రోజువారీ సరంజామా.

నీళ్ళ పరీక్ష, సీలెంటు

అద్దం కూర్చున్నాక గొట్టంతో నీళ్ళు పట్టి చూస్తారు. ఒకేసారి పైనుంచి గుమ్మరిస్తే ఎక్కడ కారుతోందో తెలియదు. కింది అంచు నుంచి మొదలుపెట్టి కొంచెం కొంచెంగా పైకి పోవాలి, లోపల ఒకరు టార్చితో చూస్తుండాలి. నీరు ఒకచోట దూరి, రేకు వెంట పాకి, జానెడు దూరంలో బయటపడుతుంది. వైపర్ ఇరుసుల రబ్బర్లు, బానెట్ వెనక గాలి జాలీ కూడా ఇలాగే కారుతాయి. ఆ నీటికి అద్దాన్ని నిందించి రెండోసారి దింపిన సందర్భాలున్నాయి.

సన్నటి కారుడు మిగిలితే గట్టిపడని రకం బ్యూటైల్ సీలెంటును పెదవి ఎత్తి కొద్దిగా పట్టిస్తారు. హార్డువేరు కొట్లో దొరికే, పులిసిన వాసన వచ్చే సిలికాన్‌ను మాత్రం దగ్గరికి రానివ్వకూడదు. ఆరేటప్పుడు అది ఎసిటిక్ ఆమ్లాన్ని వదులుతుంది, గీతపడ్డ రేకును ఆ ఆమ్లం తింటుంది. సిలికాన్ అంటిన చోట తర్వాత పెయింటు పట్టదు. పగిలిన పాత పట్టీ మీద సిలికాన్ పూసి కారుడు ఆపామనుకోవడం అన్నిటికన్నా నష్టం. నీరు లోపలికి వచ్చే దారితోపాటు లోపలి తడి ఆరే దారి కూడా మూసుకుపోతుంది.

మూలరూపం, నమోదు

2021లో కేంద్ర ప్రభుత్వం తెచ్చిన నిబంధనల ప్రకారం తొలి రిజిస్ట్రేషన్ నుంచి యాభై ఏళ్ళు దాటిన వ్యక్తిగత ద్విచక్ర, నాలుగు చక్రాల వాహనాలను వింటేజ్ వాహనాలుగా నమోదు చేయించుకోవచ్చు. నంబరులో వీఏ అక్షరాలు వస్తాయి. కొత్త నమోదుకు 20,000 రూపాయలు, పునర్నమోదుకు 5,000 రూపాయలు రుసుము. ఛాసిస్, బాడీ, ఇంజను పెద్దగా మార్పులు లేకుండా మూలరూపంలో ఉండాలన్నది షరతు. రబ్బరు పట్టీ అరిగే వస్తువు కనుక మార్చడానికి అభ్యంతరం ఉండదు. కానీ పట్టీ దొరకలేదని అంచు కోయించి అద్దాన్ని జిగురుతో అతికించడం బాడీని మార్చడమే. అలా కోసిన అంచును తిరిగి తేవాలంటే కొత్త పట్టీ వెతకడం కన్నా ఎన్నో రెట్లు ఖర్చవుతుంది.

బిగించిన పట్టీకి తర్వాత కావలసింది పెద్దగా ఏమీ లేదు. మంచినీళ్ళతో కడగడం, మూలల్లో చేరే మట్టి, వేపాకులు ఎప్పటికప్పుడు తీసేయడం, కిరోసిన్ గుడ్డతో తుడిచే అలవాటు మానడం. ప్రెషర్ వాషరు ధారను పెదవి అంచుకు దగ్గరగా పట్టకూడదు. వానాకాలం ముందు ఒకసారి ముందు సీట్ల కింద కార్పెట్టు ఎత్తి, రేకును చేత్తో తడిమి చూడాలి.